పొడి గుడ్డ గీసే గీతలు: కారు రంగుపై అపోహలు – వాస్తవాలు

నల్ల కారునో ముదురు నీలం కారునో మిట్టమధ్యాహ్నం ఎండలో కాస్త పక్కకు వంగి చూడండి. బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు సాలెగూడులా అల్లుకుని కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులకూ పడిన వేలాది చిన్న గీతల్లో వెలుతురుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి కంటికి వలయాలుగా తోస్తాయి. వీటిలో రోడ్డు మీద పడ్డవి తక్కువ. ఎక్కువ భాగం ఇంటి దగ్గర, బండి మీద ప్రేమతో తుడుస్తున్నప్పుడు పడ్డవే. బాగా చూసుకునే కారుకే ఈ గీతలు ఎక్కువగా ఉండటం నన్ను బాధపెట్టే విషయం.

రేకు మీద ఫ్యాక్టరీలో సాధారణంగా నాలుగు పూతలు వేస్తారు. తుప్పు పట్టకుండా కరెంటు సాయంతో పట్టించే పూత అడుగున, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర. నాలుగూ కలిపితే 100 మైక్రాన్లు, లేదా అంతకు కొంచెం ఎక్కువ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. క్లియర్ కోట్ ఒక్కటే తీసుకుంటే 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు. కారు మెరుపూ, ఎండను తట్టుకునే శక్తీ వెంట్రుకకన్నా పలచనైన ఆ పొర మీదే ఆధారపడి ఉన్నాయి. ఒకసారి అరిగితే అది మళ్లీ రాదు.

“రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో తుడిస్తే బండి కొత్తగా ఉంటుంది”

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. హైదరాబాద్ నిలిచి ఉన్నది గ్రానైటు బండల మీద. పునాదులకు ఆ రాయిని పగలగొట్టినప్పుడు లేచే పొడీ, కంకర లారీల నుంచి రాలే పొడీ గాలిలో తిరిగి కార్ల మీద వాలుతుంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ ఖనిజం గట్టిదనం మోస్ స్కేలుపై 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. కిటికీ గాజుది ఐదున్నర దగ్గర. నది ఇసుకలోనూ ప్రధానంగా ఉండేది క్వార్ట్జే కాబట్టి రాజమండ్రిలో ఉన్నవారికీ ఇందులో మినహాయింపు లేదు. క్లియర్ కోట్ అనేది ప్లాస్టిక్ జాతి పదార్థం, గాజుకన్నా చాలా మెత్తన. గాజునే గీయగల రేణువుల మీద గుడ్డ వేసి అటూ ఇటూ లాగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పాత బనియన్ గుడ్డ మెత్తగానే ఉంటుంది గదా అంటారు. గుడ్డ మెత్తదనంతో ఇక్కడ పని లేదు, గుడ్డకూ రంగుకూ నడుమ ఉన్నది ఏమిటన్నదే లెక్క. పొడవాటి కుచ్చుల డస్టరుకూ ఇదే మాట వర్తిస్తుంది.

అపార్ట్‌మెంట్లలో తెల్లవారకముందే ఒక బకెట్టు నీళ్లు, ఒక గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తుంటారు. మొదటి కారు మట్టి పదో కారు దాకా ప్రయాణిస్తుంది. ఇందులో తప్పు ఆ పని చేసేవారిది కాదు. చాలినన్ని నీళ్లు, సమయం, మంచి గుడ్డలు మనం ఇవ్వం. రోజూ తుడవాలని అడిగేదీ మనమే. అదే జీతానికి రోజూ తుడవడం మాన్పించి, వారానికి ఒకసారి సరిగ్గా కడగమని అడగండి. వాళ్లకు చాకిరీ తగ్గుతుంది, కారుకు గీతలు తగ్గుతాయి.

సరిగ్గా కడగడమంటే చేయి తగలకముందే వీలైనంత మట్టిని వదిలించడం. ముందు నీళ్లు ధారగా కొట్టాలి. ప్రెషర్ పంపు ఉంటే దాని మూతి రంగుకు అడుగు దూరం తగ్గకుండా పట్టుకోవాలి, పెచ్చు లేచిన చోటికి గురిపెట్టకూడదు. తర్వాత షాంపూ నురగ పట్టించి, ఆరనివ్వకుండా నాలుగైదు నిమిషాలు వదిలి మళ్లీ నీళ్లు కొట్టాలి. అప్పుడు రెండు బకెట్లు తీసుకోండి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ గ్లౌజును షాంపూలో ముంచి ఒక భాగం కడగడం, మామూలు నీళ్లలో జాడించి మట్టి వదిలించడం, మళ్లీ షాంపూలో ముంచడం. రూఫ్ దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. డోర్ల అడుగు భాగంలో మట్టి ఎక్కువ కాబట్టి దాన్ని చివరికి ఉంచాలి. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్టు. చేయి తిన్నగా, బరువు వేయకుండా కదలాలి. చివర్లో మందపాటి మైక్రోఫైబర్ టవల్ పరిచి నీటిని పీల్చనివ్వాలి, రుద్దకూడదు. టవల్ కింద పడితే మళ్లీ ఉతికేదాకా దాన్ని కారుకు తగలనివ్వొద్దు.

నీళ్లకు కటకట ఉన్న చోట రిన్స్‌లెస్ వాష్ అనే ద్రావణం దొరుకుతుంది. బకెట్టు నీళ్లలో కొన్ని మూతలు కలిపి వాడితే మళ్లీ నీళ్లు కొట్టి కడగనక్కర్లేదు. పలచటి దుమ్ముకు బాగా పనిచేస్తుంది. వానాకాలపు బురదకు మాత్రం పైపు పట్టాల్సిందే.

“సబ్బు ఏదైనా ఒకటే”

గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక్కసారి తగిలితేనే రంగు పోతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. జిడ్డును కోయడమే దాని పని గనుక రంగు మీది వ్యాక్స్‌ను కూడా వదిలిస్తుంది, అంతే. పాత్రలు తోమే సబ్బుబిళ్ల, పొడి సంగతి వేరు. మాడు వదిలించడానికి వాటిలో రాతిపొడి కలుపుతారు, అది కారును గీస్తుంది. బట్టల సబ్బుపొడిలో సోడా ఉంటుంది, ఆ క్షారం వ్యాక్స్‌నూ రబ్బరు బీడింగులనూ దెబ్బతీస్తుంది. కారు షాంపూలో పనికొచ్చే గుణం నురగకన్నా జారుడు. రేణువు రంగును గీయకుండా జారిపోవడానికి అది కావాలి.

డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో తుడిచి మెరుపు తెప్పించే అలవాటు మన దగ్గర పాతది. ఆ మెరుపు పైన మిగిలిన నూనె పొరది. ఆ జిడ్డుకు సాయంత్రానికల్లా దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బుతుంది. కొత్తగా వేసిన రోడ్డు మీంచి వచ్చినప్పుడు అంటిన తారు చుక్కలను కిరోసిన్ కరిగించే మాట నిజమే. ఆ చుక్క వరకే వాడి, వెంటనే షాంపూతో కడిగేయాలి.

“బోరు నీళ్లయితే ఏం, వాన నీళ్లయితే ఏం, ఆరిపోతాయిగా”

ఆరిపోయేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు రంగు మీదే మిగులుతాయి. బాత్‌రూం కుళాయిల మీద కట్టే తెల్లటి గార ఇదే. వేడెక్కిన బానెట్ మీద ఒక్కో బొట్టూ ఒక్కో వలయమై కూర్చుంటుంది. కొత్త మచ్చకు తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డను తడిపి నిమిషం పాటు పరిచి, కడిగేస్తే చాలావరకు వదులుతుంది. నెలల తరబడి ఎండలో కాలిన మచ్చ క్లియర్ కోట్‌ను తినేస్తుంది. అప్పుడు పాలిష్ తప్ప దారి లేదు. అందుకే నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బోరు నీళ్లయితే అసలు ఆరనివ్వకూడదు. వాన కూడా కారును కడగదు. గాలిలోని దుమ్మును తెచ్చి చుక్కలు చుక్కలుగా వదిలిపోతుంది.

“రెట్టే కదా, ఆదివారం కడుగుదాం”

ఆదివారం దాకా ఆగితే అచ్చు మిగలొచ్చు. రెట్టలో ఆమ్లం ఉండటం ఒక కారణం. రెండోది వేడి. ఎండకు క్లియర్ కోట్ కొంచెం మెత్తబడి వ్యాకోచిస్తుంది. పైన రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడే రంగు ఆ గట్టి పెచ్చు ఆకారానికి అనుగుణంగా ముడుచుకుంటుంది. మెరుపు పోయిన మచ్చ అలా ఏర్పడుతుంది. మన ఏప్రిల్ ఎండలో దీనికి ఒక్క మధ్యాహ్నం చాలు. తడి గుడ్డను కాసేపు దాని మీద వేసి, నానాక ఎత్తి తీసేయండి. గోకవద్దు.

మామిడి చెట్టు కింద ఆపిన కారు మీద పడే జిగట చుక్కలను చాలామంది చెట్టు పాలు అనుకుంటారు. పూత కాలంలో అవి చాలావరకు తేనెమంచు పురుగుల విసర్జన. మామిడి రైతులకు ఈ పురుగు బాగా తెలుసు. చక్కెర ద్రవం కాబట్టి తాజాగా ఉన్నప్పుడు గోరువెచ్చటి నీటికే కరుగుతుంది. వదిలేస్తే దాని మీద నల్లటి బూజు పడుతుంది.

“కడిగాం కాబట్టి శుభ్రమైపోయినట్టే”

కడిగి ఆరబెట్టిన కారు మీద, పలచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని వేళ్లతో నెమ్మదిగా నిమరండి. గరగరమని తగిలితే అది రంగులో దిగబడిన చెత్త. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, తారు తుంపర్లు, పక్కింటి గేటుకు స్ప్రే చేసినప్పుడు ఎగిరొచ్చిన పెయింటు అందులో ఉంటాయి. రైలు పట్టాల పక్కన నిలిపే కార్లకు ఇనుప రజను ఎక్కువ. తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలు చూసి లోపలి రేకు తుప్పు పట్టిందని కంగారు పడేవారున్నారు. చాలాసార్లు తుప్పు పట్టింది పైన గుచ్చుకున్న ఆ రజనే.

దీన్ని వదిలించడానికి వరస ఉంది. మొదట తారు రిమూవర్, తర్వాత ఐరన్ రిమూవర్, చివరికి క్లే. ఐరన్ రిమూవర్‌లో సాధారణంగా థయోగ్లైకోలేట్ లవణం ఉంటుంది. ఇనుము తగలగానే ద్రవం ఊదారంగుకు మారి కిందికి కారుతుంది. అవాంఛిత రోమాలు తీసే క్రీముల్లోనూ ఇదే జాతి రసాయనం ఉంటుంది, ఆ ఘాటు వాసన అందుకే. గ్లౌజులు వేసుకోండి, ఎండలో చేయకండి, ఆరకముందే కడిగేయండి. జపాన్‌లో పుట్టిన క్లే బంకమట్టిలాంటి ముద్ద. షాంపూ నీళ్లతో జారుడు చేసుకుని మెల్లగా రాస్తే ఇంకా అంటిపెట్టుకున్న రేణువులను పట్టి లాగుతుంది. ముద్దను తరచూ మడిచి కొత్త ముఖం తిప్పాలి, కింద పడితే పారేయాలి. క్లే కూడా సన్నటి గీతలు మిగల్చగలదు. అందుకని గరుకు తగిలిన చోటే, ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడితే చాలు. దాంతో పాటే పాత వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి వెంటనే కొత్త రక్షణ పూయాలి.

“సర్వీసింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ పాలిష్ పెట్టించాలి”

పాలిష్ పెడితే రంగుకు బలం వస్తుందని అనుకుంటారు. పాలిష్ చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి చదును చేస్తుంది. ఉన్న నలభై చిల్లర మైక్రాన్లలో ప్రతిసారీ కొంత పోతుంది. క్లియర్ కోట్ మరీ పలచబడితే ఎండ నుంచి కాపాడే శక్తి తగ్గి, రూఫ్ మీదా బానెట్ మీదా తెల్లటి పొలుసులు లేస్తాయి. అప్పుడు మళ్లీ పెయింటు వేయించాల్సిందే. చవక పాలిష్‌లలో గీతలను నూనెలతో నింపి దాచేవీ ఉన్నాయి. నాలుగు కడుగుళ్లకు గీతలు తిరిగొస్తాయి. నా సలహా: కొన్నేళ్లకు ఒకసారి, మందం కొలిచే మీటరు ఉన్న చోట మాత్రమే పాలిష్ చేయించండి.

టూత్‌పేస్టుతో గీతలు పోతాయన్న మాటలో సగం నిజముంది, అది కూడా అరగదీసేదే. ఎంత అరుగుతోందో తెలియకపోవడమే చిక్కు. గోరు ఆనిస్తే తట్టుకునే గీతకు టూత్‌పేస్టూ చాలదు, పాలిష్ కూడా సాధారణంగా చాలదు.

“సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక గీతలే పడవు”

‘9హెచ్’ అన్న అంకె చూపించి దీన్ని అమ్ముతారు. అది పెన్సిల్ పరీక్షలోని అంకె. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్లతో పూత మీద గీసి చూస్తారు. పైన చెప్పిన మోస్ స్కేలుతో దానికి సంబంధం లేదు. క్వార్ట్జ్ దుమ్ము ఆ పూతనూ గీస్తుంది. సిలికా ఆధారిత ఈ పూత మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. నీరు జారిపోవడం, మట్టి సులువుగా వదలడం, ఏడాది నుంచి మూడేళ్ల మన్నిక దీని నిజమైన లాభాలు. బోరు నీటి మచ్చలు దీని మీదా పడతాయి. గీతలున్న రంగు మీద వేస్తే ఆ గీతలు కింద అలాగే ఉండిపోతాయి.

‘టెఫ్లాన్ కోటింగ్’ మాటకు వస్తే, ఆ పదార్థం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నాన్‌స్టిక్ పెనానికి పట్టించడానికి అంతకుమించి వేడి చేస్తారు. కారు రంగు ఆ వేడిని తట్టుకోలేదు. షెడ్డులో చేత్తో పూసినప్పుడు పనిచేసేది దాంట్లోని వ్యాక్సో సీలెంటో. హైవే మీద ఎగిరొచ్చే కంకర దెబ్బ నుంచి కాపాడేది వీటిలో ఏదీ కాదు. దానికి 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పాలీయురేథేన్ ఫిల్ము కావాలి. దాని ధర ఎక్కువ గనుక బానెట్, ముందు బంపరు వరకు వేయించుకున్నా మేలే.

రక్షణ పూత సొంతంగా పూయడం కొత్తగా నేర్చుకునేవారు సీలెంటుతో మొదలుపెట్టడం మంచిది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నౌబా వ్యాక్స్ అందంగా మెరుస్తుంది గానీ మన ఎండలకు కొన్ని వారాలో, రెండు మూడు నెలలో నిలుస్తుంది. సింథటిక్ సీలెంటు నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది, చేత్తో పూసుకోవచ్చు.

“కవరు కప్పితే భద్రం”

శుభ్రంగా ఉన్న కారుకు కప్పితే భద్రమే. దుమ్ము పట్టిన కారు మీద కవరు లాగడం, అది గాలికి రెపరెపలాడటం పొడి గుడ్డతో తుడవడం కిందికే వస్తుంది.

“కొత్త కారు రంగు పచ్చిగా ఉంటుంది, ఏమీ పూయకూడదు”

ఫ్యాక్టరీలో క్లియర్ కోట్‌ను దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. షోరూంకు వచ్చేసరికి అది పూర్తిగా గట్టిపడి ఉంటుంది. మొదటి వారంలోనే సీలెంటు పూయొచ్చు. దారిలో పట్టిన రజను ఉండొచ్చు కాబట్టి ప్లాస్టిక్ కవరు తొడిగిన చేత్తో ముందు ఒకసారి నిమిరి చూడండి. వాహన పూజలో పెట్టిన పసుపు కుంకుమలను రోజుల తరబడి ఎండలో వదలకండి, పొడిగా రుద్దకండి. పూజ అయ్యాక నీళ్లు ధారగా పోసి తీసేస్తే మరక ఉండదు.

పచ్చి రంగు మాట నిజమయ్యేది డెంటింగ్ షెడ్డులో మళ్లీ పెయింటు వేయించినప్పుడు. అక్కడ కాల్చే వేడి 60, 70 డిగ్రీలే. ద్రావకాలు నెమ్మదిగా ఆవిరవుతూ ఉంటాయి. వాడిన పెయింటును బట్టి నెల నుంచి మూడు నెలలు వ్యాక్స్, సిరామిక్, ఫిల్ము ఏదీ వేయకుండా నీళ్లు, షాంపూతోనే సరిపెట్టాలి. ఎన్ని రోజులన్నది బండి తీసుకునేటప్పుడే పెయింటరును అడిగి బిల్లు మీద రాయించుకోండి.