ఇనుమునకై తెరచిన వాకిలి

పంట కోతకు వచ్చిన వేళ కూలివారు చేనిలోనికి దిగుట మన పాఠకులకు చిరపరిచితమైన దృశ్యము. ఆ చేనినుండియే మృత్యువు వారి వెంట నింటికి వచ్చినచో గతియేమి? దక్షిణ అమెరికాలోని ఆర్జెంటీనా దేశపు రైతుల కీ యాపద సంభవించెను. వారు దాని నెదుర్కొనిన విధము మన దేశీయులు తెలిసికొనదగినదని మా యభిప్రాయము.

అచ్చటి విశాలమైన మైదానములందు మొక్కజొన్న సమృద్ధిగా పండును. ఇరువదవ శతాబ్ది నడుమ, కోతకాలమున పొలములందు పనిచేయువారికి తీవ్రజ్వరమును, చిగుళ్లనుండి రక్తస్రావమును, మతిభ్రమయు కలుగజొచ్చెను. జనులు దీనిని 'మోళ్ల జబ్బు' అనిరి. చికిత్స లేనిచో నూటికి 15 మొదలు 30 మంది వరకు మరణించుచుండిరి. 1958లో దీనికి కారణమైన వైరసును కనుగొని, జునిన్ పట్టణము పేరనే దానిని వ్యవహరించిరి. చేలలో తిరుగు నొక చిన్న యెలుక దీనికి నిలయము. దాని మలమూత్రములు ధూళిలో కలిసి, ఊపిరితోను, చేతి గాయముల గుండను మనుష్యుని చేరును.

దేహమును చేరిన వైరసు కణములోని కెట్లు ప్రవేశించునను రహస్యము 2007లో బయల్పడెను. మన కణములు బ్రతుకుటకు ఇనుము కావలెను. రక్తమునందు ట్రాన్స్‌ఫెరిన్ అను మాంసకృత్తు ఇనుమును మోసికొని వచ్చును. దానిని లోనికి గైకొనుటకు కణముపై గ్రాహకమను వాకిలి కలదు. జునిన్ వైరసును, దాని జ్ఞాతియైన బొలీవియా దేశపు మచుపో వైరసును ఈ వాకిటినే పట్టుకొనును. కణము ఆహారమును గైకొనినట్లే దానినిగూడ నొక చిన్న సంచిలో చుట్టి లోనికి తీసికొనును. ఆ సంచిలో ఆమ్లము పెరుగును. ఇనుమును విడిపించుటకు ప్రకృతి యేర్పరచిన ఆ యామ్లమే దొంగకు తాళపుచెవి యగుచున్నది. వైరసు పైపొర సంచి పొరతో నేకమై, దాని బీజపదార్థము కణములో పడును. అటుపిమ్మట కణము తన పని మాని శత్రువు పని చేయుచు, వేలకొలది క్రొత్త వైరసులను తయారుచేయును.

అట్లయిన వాకిలినే మూసివేయరాదా? మూసినచో ఇనుము లేక కణము నశించును. కాని ఇనుమును మోయు మాంసకృత్తు పట్టుకొను చోటు వేరు, వైరసు పట్టుకొను చోటు వేరు. ఇచ్చటనే వైద్యమునకు అవకాశము దొరకుచున్నది. రోగమునుండి కోలుకొనినవారి రక్తరసమును, జ్వరమంటిన 8 దినములలోపల రోగులకు ఎక్కించినచో, మరణములు నూటికి 16 నుండి 1కి తగ్గునని 1979లో ప్రకటితమైన పరీక్ష వలన తేలెను. అట్టి ప్రతిరక్షకములలో కొన్ని, వైరసు ఏ చేతితో వాకిలిని పట్టుకొనునో ఆ చేతినే బంధించునని తరువాత తెలిసినది.

చికిత్సతో ఆ దేశీయులు తృప్తినొందలేదు. డాక్టరు హూలియో మైజ్తెగీ మొదలగువారు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి టీకాను సిద్ధపరచిరి. 1988–1990 నడుమ సుమారు 6,500 మంది వ్యవసాయ కార్మికులలో పరీక్షింపగా, జబ్బుపడిన 23 మందిలో 22 మంది టీకా పొందనివారే. ఒక ప్రాంతమునకే పరిమితమైన రోగమునకు మందు చేయుటవలన వర్తకులకు లాభము స్వల్పము. అందుచే ఆర్జెంటీనా ప్రభుత్వము తన సంస్థయందే దానిని తయారుచేయించుటకు పూనుకొని, 2006లో అనుమతి నిచ్చెను.

మన దేశమునందును ఇట్టి రోగము లేకపోలేదు. 1957లో కర్ణాటకమునందలి శివమొగ్గ మండలమున బయలుదేరిన క్యాసనూరు అడవి జ్వరము, పిడుదుల కాటువలన అడవులలో పుల్లలేరుకొను పేదల నేటికిని పీడించుచున్నది. దానికి వాడుచుండిన పాత టీకా తగిన ఫలము నీయకపోవుటచే 2022లో నిలిపివేయబడినది. క్రొత్తదానికై ప్రయత్నములు జరుగుచున్నవి. ఆ ప్రయత్నములకు ధనమును, శ్రద్ధయు కొరవడరాదు. కూలివాని ప్రాణము లాభనష్టముల లెక్కలో తేలిపోవునది కాదు. వాని చెమటచేతనే మన గాదెలు నిండుచున్నవని భూస్వాములు మరువకుందురు గాక!