ఆస్పత్రి పాలసీ మీ పాలసీ కాదు

"హాస్పిటల్‌కు పాలసీ ఉంది, అందులో మనమూ ఉంటాం. సొంతంగా ప్రీమియం కట్టడం దండగ."

ఆక్యుపేషనల్ థెరపిస్టుల మధ్య ఈ మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు సీనియర్లే చెబుతారు. దీన్ని నమ్మినవాళ్లలో చాలామంది పగలు ఆస్పత్రిలో పనిచేసి, సాయంత్రం పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకూ, ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లకూ వెళ్తున్నారు. ఆ ఇంట్లో ఏదైనా జరిగితే తమ వెనుక ఎవరూ లేరన్న సంగతి వాళ్లకు తెలియదు.

ఆస్పత్రి పాలసీ కొనేది తన నెత్తిన పడే బాధ్యత కోసం. అందులో సిబ్బందికీ రక్షణ ఉందా లేదా అన్నది పాలసీ కాగితం చదివితే తప్ప తేలదు. ఉన్నా, అది ఆ ఆస్పత్రి పనిలో భాగంగా చేసిన చికిత్స వరకే. మీరు సొంతంగా చేసే హోమ్ విజిట్‌కు వర్తించదు. జీతం మీద కాకుండా సెషన్‌కు ఇంత అని తీసుకునే కన్సల్టెంటు ఉద్యోగి లెక్కలోకే రాకపోవచ్చు. పైగా ఒక్కో ఘటనకు ఇంత, ఏడాది మొత్తానికి ఇంత అని పాలసీకి హద్దులుంటాయి. అదే ఏడాది ఒక ఆపరేషన్ కేసులో ఆస్పత్రి భారీగా పరిహారం చెల్లిస్తే, మిగిలినదానిలోనే అందరూ సర్దుకోవాలి.

అసలు చిక్కు ఉద్యోగం మానేశాక మొదలవుతుంది. మన దేశంలో ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీలు సాధారణంగా ఘటన జరిగిన రోజును మాత్రమే చూసి ఊరుకోవు. క్లెయిమ్ వచ్చే నాటికి పాలసీ అమల్లో ఉండాలి, ఘటన రిట్రోయాక్టివ్ తేదీ (ఏ రోజు నుంచి చేసిన పనికి రక్షణ ఉంటుందో పాలసీలో రాసిన తేదీ) తర్వాత జరిగి ఉండాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని కూడా మన్నిస్తారు. మీరు మానేసిన ఏడాదిన్నరకు పాత పేషెంటు నోటీసు పంపితే, పాత ఆస్పత్రి పాలసీలో మీరు ఇంకా ఉన్నారని ఎవరు హామీ ఇస్తారు? సొంత పాలసీ తీసుకుని ఒక్క ఏడాది రెన్యువల్ మరిచినా ఇదే ప్రమాదం.

ఈ అపోహకు ఒక తీర్పును సాక్ష్యంగా చూపించేవాళ్లున్నారు. 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స చేసిన డాక్టరును ప్రతివాదిగా చేర్చకపోయినా ఆస్పత్రి మీద బాధ్యత మోపవచ్చని చెప్పింది. నిజమే. అది పేషెంటుకు దారి సులువు చేసిన తీర్పు. చికిత్స చేసిన మనిషికి బాధ్యత లేదని అందులో ఎక్కడా లేదు. పేషెంటు తలచుకుంటే ఇద్దరినీ చేర్చవచ్చు. అప్పుడు ఆస్పత్రి లాయరు ఆస్పత్రి కోసం వాదిస్తాడు. తప్పు థెరపిస్టుదేనని తేల్చడమే ఆస్పత్రికి లాభమైతే అదే వాదన వినిపిస్తుంది.

"మనం మందులివ్వం, కత్తి పట్టం, మనమీద కేసేమిటి?" అనేవాళ్లు తమ పనినే తక్కువ చేసుకుంటున్నారు. స్పర్శ తెలియని చేతికి బిగుతుగా అమర్చిన స్ప్లింట్ పుండు చేస్తుంది. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది. కుట్టిన స్నాయువును ముందుగా కదిలిస్తే తెగుతుంది. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు పేషెంటు జారితే తుంటి విరుగుతుంది. సెన్సరీ గదిలో ఊయల కొక్కెం ఊడి పిల్లవాడు పడితే అది చికిత్సలో లోపం కాదు, స్థలానికీ పరికరానికీ సంబంధించిన బాధ్యత. దానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరే ఉండాలి. సొంత సెంటర్ నడిపేవాళ్లకు రెండూ కావాలి.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకార పత్రం నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదు. ఉచితంగా చేస్తే వినియోగదారుల కేసు ఉండదన్నది అందరికీ ఉచితమైన చోటే నిజం. కొందరి దగ్గర డబ్బు తీసుకునే చోట ఉచితంగా చూపించుకున్నవాళ్లూ వినియోగదారులేనని 1995లోనే వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల చట్టం వైద్యాన్ని వదిలేసిందన్న వాదనకూ 2022లో సుప్రీంకోర్టు తెర దించింది. ఇక జైలు శిక్షకు ఏ పాలసీ అడ్డుపడదు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో నిర్లక్ష్యంతో ప్రాణం పోతే గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. వైద్య చికిత్స చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టర్లకు దాన్ని రెండేళ్లకు తగ్గించారు. ఆ నిర్వచనంలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు లేరు. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం మన వృత్తిని గుర్తించింది కానీ ఈ తేడాను తీసేయలేదు.

"థెరపిస్టుల మీద కేసులు అరుదు" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోక తప్పదు. ఫిర్యాదులో ముందు పడేవి ఆస్పత్రి పేరూ డాక్టరు పేరూ. ఆస్పత్రి గోడలు దాటకుండా, జీతం మీద, సీనియర్ పర్యవేక్షణలో పనిచేసే థెరపిస్టుకు ముప్పు తక్కువే. అయితే హోమ్ విజిట్‌లో ఆస్పత్రీ లేదు, డాక్టరూ లేడు. ఫిర్యాదులో రాయడానికి మిగిలేది మీ పేరే.

కాబట్టి హెచ్‌ఆర్ దగ్గర పాలసీ కాపీ అడగండి. ఇవ్వకపోతే, అందులో మీరున్నారని రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. సొంత పాలసీ తీసుకునేటప్పుడు మీ వృత్తి పేరు "ఆక్యుపేషనల్ థెరపిస్టు" అనే రాయించండి. హోమ్ విజిట్లు, టెలి థెరపీ, మీ కింద పనిచేసే అసిస్టెంట్లు కవరవుతారో లేదో కాగితం మీద చూసుకోండి. కంపెనీ మారితే పాత రిట్రోయాక్టివ్ తేదీ కొనసాగేలా పట్టుబట్టండి.

నోటీసు వస్తే ఆ రోజే బీమా కంపెనీకి తెలియజేయండి. వాళ్లకు చెప్పకుండా తప్పు ఒప్పుకుంటూ జవాబు రాయకండి, డబ్బిచ్చి రాజీ పడకండి, సెషన్ నోట్స్‌లో ఒక్క అక్షరం దిద్దకండి. కమిషన్ నోటీసుకు జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే మరో 15. ఆపైన ఒక్క రోజు కూడా పెంచే అధికారం కమిషన్‌కు లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.