బజ్జీల పొట్లంలో ఆధార్ కాగితం

మా చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పగలు కూలికి పోతుంది. రాత్రి పలక పడుతుంది. ఒకరోజు సంత నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చింది. పొట్లం విప్పింది. కొత్తగా చదువు వచ్చింది కదా! ఏ కాగితం కనిపించినా చదువుతుంది. నూనె మరకల కింద ఒక ఫొటో. పక్కన పేరు, పుట్టిన తేదీ. కింద 12 అంకెలు. అది ఎవరిదో ఆధార్ జిరాక్సు!

"ఇది పొట్లంలోకి ఎట్లా వచ్చింది సార్?" అని అడిగింది.

జిరాక్సు కొట్లో ఒక్కోసారి కాపీ నల్లగా వస్తుంది. దాన్ని అక్కడే వదిలేస్తాం. రెండు కావాలంటే నాలుగు తీయిస్తాం. మిగిలినవి పారేస్తాం. అవి పాత కాగితాలతో కలిసి కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. పొట్లాలవుతాయి.

పోతే ఏమవుతుంది?

మోసగాడికి మన పేరు, అంకెలే కావాలి. మన పేరుతో సిమ్ కార్డు తీసుకోవాలని చూస్తాడు. అప్పు తీసుకోవాలని చూస్తాడు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా" అంటూ ఫోన్ చేస్తాడు. మన వివరాలు మనకే చెప్పి నమ్మిస్తాడు. తర్వాత ఓటీపీ అడుగుతాడు.

2018లో జరిగిన సంగతి వినండి. పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను, ఆధార్ అంకెలను అతను సేకరించాడట. ఆ ముద్రలతో రబ్బరు అచ్చులు చేశాడట. వాటితో వేల సిమ్ కార్డులు తీశాడని పోలీసులు చెప్పారు. ఆ వేళ్లు గలవాళ్లు అక్కడ లేరు. అయినా పని జరిగిపోయింది!

ఏవి దాచాలి? ఏవి చింపాలి?

ముందు చదవండి. తర్వాతే చింపండి.

పట్టాదారు పాసు పుస్తకం, దస్తావేజులు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం - ఇవి భద్రంగా దాచాలి.

మిగిలిన జిరాక్సులు, పాడైన జిరాక్సులు, ఏటీఎం చీటీలు - వీటితో ఇక పని లేదని తేలితే చింపాలి.

ఎట్లా చింపాలి?

రెండు ముక్కలు చేస్తే చాలదు. అతికించి మళ్లీ చదవొచ్చు. పేరు, అంకెలు, ఫొటో, సంతకం, వేలిముద్ర ఉన్నచోట చిన్న చిన్న ముక్కలు చేయాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొద్దున గుజ్జుగా పిసకాలి. మన అమ్మమ్మలు కాగితం గుజ్జులో మెంతిపిండి కలిపి చాటలకు, బుట్టలకు పూసేవారు. మనమూ అట్లా చేయొచ్చు. లేదంటే ముక్కలను పొయ్యిలో వేయొచ్చు.

గడువు తీరిన ఏటీఎం కార్డును కత్తెరతో కత్తిరించాలి. మెరిసే చిప్పు, వెనక నల్లపట్టీ, అంకెలు - అన్నీ తెగాలి. కార్డును మాత్రం పొయ్యిలో వేయొద్దు. ప్లాస్టిక్ పొగ ఆరోగ్యానికి చెడ్డది.

జిరాక్సు ఇచ్చేటప్పుడు

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. జిరాక్సు మీద అడ్డంగా ఇట్లా రాయండి: "గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే." కింద తేదీ వేయండి. సంతకం చేయండి. ఆ కాగితాన్ని ఇంకో పనికి వాడటం కష్టమవుతుంది. పాడైన కాపీని అడిగి తెచ్చుకోండి. కొట్టువాని ఫోన్‌కు ఆధార్ ఫొటో పంపితే, పని అయ్యాక మీ ఎదుటే తీసేయమనండి.

మోసం జరిగితే?

సిగ్గుపడొద్దు. ఆలస్యం చేయొద్దు. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. బ్యాంకుకూ చెప్పండి. ఆధార్ సంగతులకు 1947 నంబరు ఉంది. ఆధార్ వేలిముద్రకు తాళం వేయించుకునే వీలూ ఉంది. ఆధార్ కేంద్రంలో అడగండి.

ఆ రాత్రి అక్క పొట్లం కాగితాన్ని ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. మర్నాడు తన ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ కేంద్రానికి తెచ్చింది. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది. దాచేవి ఒకపక్క పెట్టింది. చింపేవి ఇంకోపక్క పెట్టింది. ఎవరినీ అడగలేదు.

మాట్లాడుకుందాం

1. మీ ఆధార్ జిరాక్సులు ఇప్పటిదాకా ఎవరెవరికి ఇచ్చారు?
2. మీ ఇంట్లో దాచాల్సిన కాగితాలు ఏవి? చింపాల్సినవి ఏవి?