మాట మోసే పని ఎవరిది?

కుల్కచర్లలో మేం ఇల్లు కట్టుకుంటున్నప్పటి సంగతి. తెల్లవారితే స్లాబు. సాయంత్రం టీ తీసుకెళ్లి చూద్దును కదా, చువ్వలు కట్టేశారు గానీ కరెంటు పైపులు లేవు!

"కరెంటు నా పని కాదమ్మా" అన్నారు ఇంజనీరుగారు. "స్లాబు రేపేనని నాకెవరు చెప్పిండ్రు?" అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఆడోళ్లకెందుకమ్మా ఈ లొల్లి" అని నవ్వాడు మేస్త్రీ. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరికేం కావాలో ఒక్కొక్కరినీ అడిగాను. రాత్రికి పైపులు వేశారు. పొద్దున స్లాబు పడింది. గృహప్రవేశం నాడు ఇంజనీరుగారికి శాలువా, మేస్త్రీకి కొత్త బట్టలు. నాకు వంటిల్లు!

మొన్న మా అక్క కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. తనూ ఇంజనీరే.

"చిన్నమ్మా, 'తొందరగా' అంటే మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక అర్థం, యంత్రాల వాళ్లకు ఇంకో అర్థం. ఇద్దరి మధ్యా నేనే తిరుగుతా. మీటింగులో రాసేదీ నేనే. ప్రమోషన్ మాత్రం డిజైన్ గీసినాయనకు. నాకేమో 'నీకు ఓపికెక్కువమ్మా' అన్న మెప్పు. ఇక మానేస్తా" అంది.

ఆ మెప్పులోనే ఉంది కిటుకంతా. నేర్చుకున్న పనితనాన్ని పుట్టుగుణం అనేస్తే, దానికి జీతమూ ఇవ్వక్కర్లేదు, పేరూ ఇవ్వక్కర్లేదు. పితృస్వామ్యం ఇంట్లో చేసేదీ ఇదే కదా!

ఎదుటివారి అవసరం గమనించి బాధ్యత పడటం కూడా ఒక నీతేనని 1982లో అమెరికా రచయిత్రి కరోల్ గిల్లిగన్ పుస్తకం రాశారు. అది ఆడవాళ్లకే అంటగట్టాల్సిన నీతి కాదని 1993లో జోన్ ట్రాంటో వాదించారు.

మన అయ్యలసోమయాజుల లలితగారినే చూడండి. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చేతిలో పసిపాపతో మిగిలారు. మద్రాసు గిండీ కాలేజీలో చదివి, దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. ఆ పాపను చూసుకునే చేతులు ఇంట్లో లేకపోతే ఇదంతా సాధ్యమయ్యేదా? జనరేటర్ల పని రికార్డుల్లో ఉంటుంది. ఆ చేతుల సంగతి ఎవరు రాస్తారు?

అందుకే మా అమ్మాయితో అన్నాను: "మానకు తల్లీ. నువ్వు మానితే పని ఆగుతుంది. చేసిందంతా నీ పేరుతో రాయించుకో. రాసే పని వంతులవారీగా పెట్టించు."

నిన్న ఫోన్ చేసింది. ఈ నెల వంతు ఆ డిజైన్ గీసినాయనదట. మొదటి మీటింగు కాగానే వచ్చి అడిగాడట: "వాళ్లనేది సగం అర్థం కాలేదు. నువ్వెట్లా అడిగేదానివి?"