ఇక్కడ మరదలు... అక్కడ చెల్లెలు!

తెరమీద హీరో మేనత్త కూతుర్ని ఆటపట్టిస్తే మన హాల్లో ఈలలే ఈలలు! 2013లో వచ్చిన ‘అత్తారింటికి దారేది’లో పవన్ కల్యాణ్ వలచింది మేనత్త కూతుర్నే కదా! ఆ కథే 2015లో కన్నడంలో ‘రన్న’ అయింది, 2019లో శింబుతో తమిళంలోకి వెళ్ళింది. అక్కడా మేనరికం మామూలే కనుక ఎవరూ ముక్కున వేలేసుకోలేదు.

అదే వరస హర్యానా పల్లెలో చెప్పి చూడండి. “రామ రామ! చెల్లెల్ని పెళ్ళాడతాడా?” అంటారు. అక్కడ మేనత్త కూతురు చెల్లెలే. సగోత్రం పిల్ల సరేసరి, చాలాచోట్ల సొంత ఊరి పిల్ల కూడా చెల్లెలి కిందే లెక్క!

తమాషా అంతా చట్టంలో ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళి కూడదంది. కాని ఆచారం ఉన్నవాళ్ళకి మినహాయింపు ఇచ్చింది. అంటే, మన బావామరదళ్ళకి చట్టమే దారి ఇచ్చిందన్నమాట! సగోత్ర వివాహానికి 1946లోనే చట్టం సరేనంది. అయినా హర్యానా ఖాప్ పంచాయితీలు ససేమిరా అన్నాయి. కాదని పెళ్ళాడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మేజర్ల పెళ్ళిలో ఖాప్‌లు తలదూర్చడం చట్టవిరుద్ధమని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

మరి మనం నయమేనా? తొందరపడకండి! అదే 2018లో మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని పెళ్ళాడిన యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. వరస దగ్గర వదిలిన పగ్గాన్ని మనవాళ్ళు కులం దగ్గర బిగిస్తారు.

హాల్లో ప్రేమకి ఈల వేసినవాళ్ళు ఇంట్లోనూ వేస్తారా? అసలు ప్రశ్న అదీ!