ఒంటిచెవి వ్యోమనౌక

1978 ఏప్రిల్ 5. బృహస్పతి దిశగా సాగిపోతున్న వాయేజర్ 2 వ్యోమనౌక తనంతట తానే ఒక నిర్ధారణకు వచ్చింది: తన రిసీవర్ చెడిపోయింది!

నిజానికి ఆ రిసీవర్‌లో ఏ లోపమూ లేదు. 7 రోజులపాటు భూమి నుంచి ఏ ఆజ్ఞా రాకపోతే, వినే యంత్రం పాడయినదని భావించి రెండవదానికి మారవలసిందిగా నౌకలోని కంప్యూటర్‌కు ముందే నేర్పి ఉంచారు. ఆ వారం కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ సిబ్బంది వాయేజర్ 1లో తలెత్తిన చిక్కుతో తలమునకలై ఉండి, రెండవ నౌకను పలకరించడం మరచారు.

కంప్యూటర్ మారింది. ఆపద సమయానికని ఉంచిన రెండవ రిసీవరే లోపభూయిష్టమని అప్పుడు బయటపడింది. ఒక కెపాసిటర్ పాడయి, సంకేతపు పౌనఃపున్యం అటూ ఇటూ జరిగితే వెంబడించి పట్టుకునే శక్తి దానికి పోయింది. వినగలిగే మేర మామూలులో వెయ్యోవంతుకు కుంచించుకుపోయింది. 12 గంటల తరువాత కంప్యూటర్ మళ్లీ మొదటిదానికి మరలింది. అరగంట గడిచిందో లేదో, అది శాశ్వతంగా చెవిటిదైపోయింది. మరో 7 రోజులు గడిస్తే గాని కంప్యూటర్ రెండవదాన్ని ఆశ్రయించదు. అంతవరకు వేచి ఉండడమే.

భూమి మీద ఉపగ్రహ కేంద్రాల వారికి ఇటువంటి సంకటం కొత్త కాదు. అక్కడా మోడెమ్‌లు జంటగా ఉంటాయి. ఒకటి పనిచేస్తుండగా రెండవది కాచుకుని ఉంటుంది. ఏ లోపానికి మార్పిడి జరగాలో, ఏ లోపానికి గంట మాత్రమే మోగాలో ముందే నిర్ణయించాలి. కుండపోత వానలో సంకేతం క్షీణిస్తే అది రెండు మోడెమ్‌లకూ అందదు కనుక, అనుభవజ్ఞులు ఆ హెచ్చరికను మార్పిడికి ముడిపెట్టరు. హెచ్చరిక రిలేకు మామూలు వేళ విద్యుత్తు అందుతూనే ఉండేలా అమరుస్తారు; మోడెమ్‌కే కరెంటు పోతే రిలే సడలి గంట మోగుతుంది. అన్నిటినీ మించిన భయం మరొకటి. చాలాచోట్ల దూరాన ఉన్న మోడెమ్‌కు ఆజ్ఞ వెళ్లే దారి ఆ మోడెమే. ఒక్క అంకె తప్పుగా పంపితే, దిద్దుబాటు చేరవలసిన దారి మూసుకుపోతుంది. ఎంత దూరమైనా అక్కడికి మనిషిని పంపవచ్చు. వాయేజర్ వద్దకు ఎవరిని పంపగలరు?

ఏప్రిల్ 13న రెండవ రిసీవర్ మళ్లీ మేల్కొన్నది. నౌక వినలేనప్పుడు భూమే తన గొంతు సవరించుకోవాలి కదా! భూభ్రమణం వల్ల, నౌక వేగం వల్ల పౌనఃపున్యం ఎంత జరుగుతుందో లెక్కగట్టి, క్షణక్షణమూ మార్చుతూ సంకేతం పంపారు. నౌక విన్నది. రిసీవర్ ఏ కాస్త వేడెక్కినా, చల్లబడినా వినికిడి స్థానం జరిగిపోయేది. దానినీ లెక్కలో కలుపుకోవలసి వచ్చింది. ఆ చెవి కూడా పోతే కనీసపు పనులైనా జరిగేందుకు కొన్ని ఆజ్ఞలను ముందుగానే నౌకలో దాచి ఉంచారు.

ఆ అవసరం కలగలేదు. 1979లో బృహస్పతి, 1981లో శని, 1986లో యురేనస్, 1989లో నెప్ట్యూన్ దాని కంటబడ్డాయి.

2023 జూలై 21న మరో పొరపాటు. తప్పుడు ఆజ్ఞ ఒకటి వెళ్లి, ఆంటెనా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు మళ్లింది. నౌక తనంతట తాను సర్దుకునే గడువు అక్టోబరు 15. అంతవరకు ఆగక, కాన్‌బెరా కేంద్రం నుంచి మహాశక్తితో ఒక సంకేతాన్ని, కేక వేసినట్లుగా, పంపారు. అది దాదాపు 1,990 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించడానికి పద్దెనిమిదిన్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంత కాలం పట్టింది. ఆగస్టు 4న సంబంధం తిరిగి ఏర్పడింది. ఆ కేకను విన్నది 1978లో మిగిలిన ఆ ఒక్క చెవే.