ఒళ్ళు నొప్పులకు సూదిమందే దిక్కా?

నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా అరకులోయ, అనంతగిరి, పాడేరు కొండల్లో కాఫీ పండ్ల కోత. సిల్వర్ ఓక్ నీడలో కొమ్మ వంచి, ఎర్రబడిన పండును ఒక్కొక్కటే తుంచాలి. నడుముకు కట్టిన బుట్ట నిండేకొద్దీ ముందుకు లాగుతుంది. సాయంత్రం బస్తా నెత్తిన పెట్టుకుని వాలు దిగాలి. అది అయ్యాక కట్టెలు, నీళ్ళు. ఇలా ఏళ్ళ తరబడి మోసినవారి మెడకూ భుజానికీ మధ్య కండరాన్ని బొటనవేలితో నొక్కి చూస్తే, లోపల తాడు ముడిలా గట్టిగా తగులుతుంది. నొప్పి చెవి వెనక నుంచి కణత దాకా పాకుతుంది.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దీనికి వైద్యం ఉంది. అయితే దాన్ని మన దాకా రానివ్వని అపోహలూ చాలానే ఉన్నాయి.

అపోహ: సూది వేయించుకుంటేనో, సెలైన్ ఎక్కించుకుంటేనో నొప్పులు పోతాయి.

వాస్తవం: సెలైన్ అంటే ఉప్పునీరు. ఒంట్లో నీరు తగ్గినవారికి అది ప్రాణం పోస్తుంది గానీ కండరాల నొప్పిని నయం చేయదు. నొప్పి సూదిలో సాధారణంగా ఉండేది డైక్లోఫెనాక్. మాత్రలో ఉండేదీ అదే మందు. దాని ప్రభావం కొన్ని గంటలే. ఆ తర్వాత మళ్ళీ బస్తా, మళ్ళీ నొప్పి. పిరుదు మీద సూది తప్పు చోట దిగితే కాలి నరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: నొప్పి మాత్ర రోజూ వేసుకున్నా ఏమీ కాదు.

వాస్తవం: డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. తిండి, నీరు సరిగా లేకుండా ఎండలో పనిచేసేవారికి ముప్పు మరీ ఎక్కువ. సంతలో విడిగా పొట్లం కట్టి ఇచ్చే పేరులేని మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. వేసుకున్న రోజు హాయిగా ఉంటుంది, నెలల మీద ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. పేరు తెలియని మాత్రను మింగొద్దు.

అపోహ: కాస్త సారానో, జీలుగు కల్లో తాగితే ఒళ్ళు నొప్పులు తగ్గి నిద్ర పడుతుంది.

వాస్తవం: మత్తులో నొప్పి తెలియదు, అంతే. తెల్లవారుజామున నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు నొప్పి పెరుగుతుంది. తాగి నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో రక్తస్రావానికి దారి తీయొచ్చు. రోజూ తాగేవారిలో పారాసెటమాల్ కూడా మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

అపోహ: నొప్పి ఉంటే కదలకుండా పడుకోవాలి.

వాస్తవం: ఒకటి రెండు రోజుల విశ్రాంతి మంచిదే. వారాల తరబడి పడుకుంటే కండరం బలహీనపడి నొప్పి ముదురుతుంది. దీర్ఘకాలిక కండరాల నొప్పికి అన్నిటికన్నా గట్టి వైద్యం మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే వ్యాయామం. కుడి భుజం నొప్పి అయితే మంచం మీద కూర్చుని కుడిచేత్తో మంచం అంచు పట్టుకోండి, తలను ఎడమవైపు వంచి 20 నుంచి 30 సెకన్లు ఆగండి. ఇలా మూడుసార్లు, తర్వాత రెండోవైపు. లాగినట్టు ఉండాలి గానీ పోటు రాకూడదు. పండగకు థింసా ఆడే ఓపిక ఉంటే మానొద్దు, ఆ అడుగులు కూడా వ్యాయామమే.

అపోహ: నాటు వైద్యం అంతా మంచిదే. లేదా, అంతా మూఢనమ్మకమే.

వాస్తవం: రెండూ తప్పే. కాపడం, నూనె మర్దన, నీలగిరి తైలం బిగిసిన కండరానికి ఉపశమనం ఇస్తాయి. మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌ను ఆధారం చేసుకుని నరాలు వేడిని, మంటను ఎలా గుర్తిస్తాయో తేల్చినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్‌లో వాటా దక్కింది. క్యాప్సైసిన్ లేపనాన్ని వైద్యులూ వాడతారు. పచ్చి కారం మాత్రం పూయకూడదు, బొబ్బలెక్కుతుంది. చురకలు పెట్టించుకోవడం వల్ల నొప్పి పోదు సరికదా, ఆ పుండు చీము పట్టి ధనుర్వాతానికి దారి తీయొచ్చు.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయంటే నొప్పి వట్టిదే.

వాస్తవం: కండరాల నొప్పి చాలావరకు ఎక్స్‌రేలో, స్కానులో కనిపించదు. నొప్పిని మోసే నరాల వ్యవస్థే అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. ఒళ్ళంతా నొప్పులు, తెల్లారి లేచినా తీరని అలసట ఉండే ఫైబ్రోమయాల్జియా అలాంటిదే. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ దీర్ఘకాలిక నొప్పిని ప్రత్యేకంగా గుర్తించింది. రాత్రిపూట చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ రాస్తే, పిచ్చి మందు ఇచ్చారని పారేయకండి. అది నరాల మీద పనిచేసి నొప్పిని, నిద్రలేమిని తగ్గించడానికి ఇచ్చేది.

అపోహ: కొండ మీద పని చేసేవాళ్ళకు ఒళ్ళు నొప్పులు మామూలే, పరీక్షలెందుకు?

వాస్తవం: ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. గిరిజన సమాజాల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఎక్కువ. అది ఉన్నవారికి చలికి, నీరు తక్కువ తాగినప్పుడు ఎముకల్లో, కీళ్ళలో భరించలేని నొప్పి వస్తుంది. మన్యం చలిలో దాన్ని పని నొప్పి అనుకుని వదిలేస్తున్నారు. 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలని 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది. వేలి చివర రక్తపు చుక్కతో తొలి పరీక్ష అయిపోతుంది. జబ్బు తేలితే హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పి దాడులను తగ్గిస్తాయి. మలేరియా, థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, వెన్నెముక క్షయ కూడా ఒళ్ళు నొప్పుల చాటున దాక్కుంటాయి.

జ్వరం, బరువు తగ్గడం, కాలు చేయి పట్టు తప్పడం, మలమూత్రాలు ఆపుకోలేకపోవడం, మూత్రం నల్లబడడం: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మోత తగ్గకుండా ఏ మందూ నిలవదు. ఒక పెద్ద బస్తాను రెండు చిన్నవి చేయండి, నడుమెత్తు బండ మీద పెట్టి భుజానికెత్తుకోండి, కావడి భుజం తరచూ మార్చండి. ఇంటికి నీళ్ళు, కట్టెలు తెచ్చే పని ఆడవాళ్ళదేనన్న అలవాటును మగవాళ్ళు మార్చుకోవాలి. ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ఉపకేంద్రం నుంచే ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడొచ్చు. నొప్పి ఎన్నాళ్ళుగా ఉంది, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, సికిల్ సెల్ పరీక్ష అయిందా లేదా: ఈ మూడూ దాచకుండా చెప్పండి. మీ వైద్యం అక్కడే మొదలవుతుంది.